పాత ఫ్లాట్ బెల్టు లేత్‌కు మోటారు, పుల్లీల అమరిక: సింగిల్ ఫేజ్ ఇల్లు, మూడు మెట్ల పుల్లీ

మల్కాజిగిరి షెడ్డు

అందరికీ నమస్కారం. తూకానికి పోబోతున్న నాలుగున్నర అడుగుల లేత్ ఒకదాన్ని పాత ఇనుము కొట్టులో కొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో దించుకున్నాను. కంపెనీ పేరు ఎక్కడా లేదు. అమ్మినాయన బటాలా (పంజాబ్) మాల్ అన్నాడు, పోత చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. హెడ్‌స్టాక్‌లో (లేత్ ఎడమ చివర, ముక్కను తిప్పే భాగం) మూడు మెట్ల ఫ్లాట్ బెల్టు పుల్లీ ఉంది. మెట్ల వ్యాసాలు 200, 150, 100 మిల్లీమీటర్లు, ఒక్కో మెట్టు వెడల్పు 45. బ్యాక్ గేర్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్లు) పళ్లు అన్నీ ఉన్నాయి. స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) గన్‌మెటల్ బుష్‌ల మీద తిరుగుతుంది. చక్ (ముక్కను పట్టే దవడల బిగింపు) మర మీద ఎక్కే రకం. ఒకప్పుడు ఏదో కార్ఖానాలో పైనున్న లైన్ షాఫ్ట్ నుంచి నడిచినట్టుంది, కౌంటర్ షాఫ్ట్ (మధ్యలో ఉండి వేగం మార్చే ఇరుసు) మాత్రం నాకు రాలేదు.

మోటారు నా దగ్గర ఉంది. 1 హెచ్‌పీ, త్రీ ఫేజ్, ప్లేటు మీద 415 వోల్టులు, 1.9 ఆంపియర్లు, 1410 ఆర్‌పీఎం అని ఉంది. షాఫ్ట్ 19 మిల్లీమీటర్లు. ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్ కనెక్షన్.

చేయాలనుకునే పని పెద్దదేమీ కాదు. పంపు బుష్‌లు, చిన్న షాఫ్ట్‌లు, అప్పుడప్పుడు 150 మిల్లీమీటర్ల దాకా పోత ఇనుప పుల్లీలు. మోటారును లేత్ వెనక పెట్టి నేరుగా స్పిండిల్ పుల్లీకి బెల్టు వేస్తే నడుస్తుందా? ఫ్లాట్ బెల్టు తీసేసి వి బెల్టుకు మారాలా? ఈ రెండూ తేలితే మిగతాది మొదలుపెడతాను.

---

ఇనుపరజను (బాలానగర్)

షెడ్డు గారూ, మోటారు సంగతి పక్కన పెట్టి ముందు స్పిండిల్ ఎంత వేగంతో తిరగాలో తేల్చుకోండి. చాలామంది చేతిలో ఉన్న మోటారుతో లెక్క మొదలుపెట్టి చివరికి లేత్‌ను దానికి లొంగదీయాలని చూస్తారు.

హై స్పీడ్ స్టీల్ టూల్‌తో మైల్డ్ స్టీల్ కోయాలంటే నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల కోత వేగం సరిపోతుంది. ఆర్‌పీఎం కావాలంటే కోత వేగాన్ని 318తో హెచ్చించి, ముక్క వ్యాసంతో (మిల్లీమీటర్లలో) భాగించండి. 25 మిల్లీమీటర్ల కడ్డీకి 28 మీటర్ల వేగం అనుకుంటే దాదాపు 356. మీరు చెప్పిన 150 మిల్లీమీటర్ల పోత పుల్లీకి 18 మీటర్లు చాలు, అంటే 38 ఆర్‌పీఎం. కాబట్టి మీకు 30, 40 దగ్గర నుంచి 500 దాకా వేగాలు కావాలి. గన్‌మెటల్ బుష్‌ల మీద అంతకు పైన నాకైతే నచ్చదు. గంటల తరబడి అసలే వద్దు.

ఇక నేరుగా బెల్టు వేసే మాట. మోటారుకు 75 మిల్లీమీటర్ల పుల్లీ పెట్టి స్పిండిల్ మీద 200 మెట్టుకు వేసినా 1410ని 75తో హెచ్చించి 200తో భాగిస్తే దాదాపు 530 వస్తుంది. అది మీ అత్యల్ప వేగం! మిగతా రెండు మెట్లూ వృథా. మధ్యలో కౌంటర్ షాఫ్ట్ లేనిదే పని జరగదు.

అమరిక ఇలా చూసుకోండి. మోటారు నుంచి కౌంటర్ షాఫ్ట్‌కు వి బెల్టు, 75 నుంచి 300కు. అంటే నాలుగో వంతు, సుమారు 350 ఆర్‌పీఎం. కౌంటర్ షాఫ్ట్ మీద మీ హెడ్‌స్టాక్‌లో ఉన్నటువంటి మెట్ల పుల్లీనే తిరగేసి బిగించండి. స్పిండిల్ 200కు ఎదురుగా 100, 150కి 150, 100కు 200. వేగాలు 175, 350, 700 వస్తాయి. బ్యాక్ గేర్ ఎనిమిదో వంతు అనుకుంటే (పళ్లు లెక్కపెట్టి చెప్పండి) 22, 44, 88. పైనున్న 700ను వాడకుండా వదిలేయండి, లేదా మోటారును నెమ్మదిస్తే సరి.

హెడ్‌స్టాక్‌లో ఫ్లాట్ బెల్టు తీయకండి. దాన్ని వి బెల్టుకు మార్చాలంటే స్పిండిల్ ఊడదీయాలి, కొత్త పుల్లీ తిప్పించాలి, దానికి బ్యాక్ గేర్ పినియన్‌ను మళ్లీ అతకాలి. పైగా టూల్ ఇరుక్కున్నప్పుడు ఫ్లాట్ బెల్టు జారిపోయి గేర్లను కాపాడుతుంది.

---

వేగం కావాలి (జీడిమెట్ల)

ఇంత తతంగం దేనికండీ? సీఐటీడీలో (బాలానగర్ టూల్ డిజైన్ సంస్థ) శిక్షణ తీసుకుని సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే యంత్రం) మీద పని చేస్తున్నాను, మా యంత్రాల్లో మెట్ల పుల్లీ అన్నదే లేదు. ఒక వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) కొనండి. అది సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇస్తుంది. కౌంటర్ షాఫ్ట్ మీద మెట్లు లేకుండా ఒకే పుల్లీ, స్పిండిల్ మీద మధ్య మెట్టు, అంతే. నాబ్ తిప్పితే 40 నుంచి 500 దాకా ఏ వేగమైనా వస్తుంది. బెల్టు మార్చే పని లేదు.

---

కరెంటు కబుర్లు (ఉప్పల్)

వీఎఫ్‌డీ మాట నిజమే. సింగిల్ ఫేజ్ ఇంట్లో త్రీ ఫేజ్ మోటారు నడపడానికి ఇప్పుడు అదే తేలిక దారి. కానీ షెడ్డు గారి మోటారు ప్లేటు మీద 415 అని ఉంది, అది గమనించండి.

సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకునే మామూలు వీఎఫ్‌డీ ఫేజుల మధ్య 230 మాత్రమే ఇస్తుంది. చిన్న మోటార్లు సాధారణంగా స్టార్‌లో (మూడు చుట్టల ఒక్కో కొస ఒకే ముడికి) కలిపి ఉంటాయి. స్టార్‌లో ఒక్కో చుట్టకు 415ను 1.732తో భాగించగా వచ్చే 240 వోల్టులే అందుతాయి. అదే మోటారును డెల్టాలోకి (చుట్టలను కొసకు కొస త్రిభుజంలా కలపడం) మారిస్తే చుట్టకు నేరుగా 230 దొరుకుతుంది, దాదాపు పూర్తి బలంతో నడుస్తుంది. కరెంటు మాత్రం 1.9 నుంచి 3.3 ఆంపియర్లకు పెరుగుతుంది. వీఎఫ్‌డీలో మోటారు కరెంటు దగ్గర ఆ 3.3నే పెట్టాలి.

టెర్మినల్ పెట్టె తెరిచి చూడండి. ఆరు వైర్లు వచ్చి, వాటిలో మూడింటిని లోహపు పత్తీతో కలిపి ఉంటే పత్తీలు మార్చుకుంటే చాలు. మూడే వైర్లు ఉంటే స్టార్ ముడి లోపల చుట్టలోనే ఉన్నట్టు. అది వైండింగ్ షాపు పని.

వీఎఫ్‌డీ వద్దనుకుంటే సింగిల్ ఫేజ్ మోటారు కొనవచ్చు. అప్పుడు స్టార్టింగ్ కెపాసిటర్, సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉన్న రకమే అడగండి. ఎప్పుడూ కలిసే ఉండే ఒకే కెపాసిటర్‌తో నడిచే మోటార్లకు మొదలయ్యే బలం తక్కువ. చలికాలం పొద్దున బుష్‌లలో నూనె చిక్కబడి ఉన్నప్పుడు అవి మూలుగుతాయి.

---

ఇనుపరజను

> నాబ్ తిప్పితే 40 నుంచి 500 దాకా ఏ వేగమైనా వస్తుంది

వేగం వస్తుంది బాబూ, బలం రాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1 హెచ్‌పీ మోటారు 1410 దగ్గర ఇచ్చే మెలి బలం (టార్క్) సుమారు 5 న్యూటన్ మీటర్లు. వీఎఫ్‌డీతో వేగం తగ్గించినా ఆ 5 అలాగే ఉంటుంది, పెరగదు. మోటారు నుంచి స్పిండిల్‌కు నాలుగో వంతు తగ్గింపు ఉంది కాబట్టి స్పిండిల్ దగ్గర 20. షెడ్డు గారి పోత పుల్లీ వ్యాసం 150, అంటే అంచు కేంద్రానికి 75 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అక్కడ టూల్ మీద దొరికే తోపు 270 న్యూటన్లు, అంటే 27 కిలోల బరువంత. ఒక మిల్లీమీటరు లోతు, 0.2 మిల్లీమీటర్ల ఫీడుతో (ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం) పోత ఇనుము కోయడానికే 200 నుంచి 300 న్యూటన్లు పోతాయి. బుష్‌లలో, బెల్టులో పోయేది వేరే. అంటే సరిగ్గా అంచున నిలబడి నడుపుతున్నట్టు. గట్టి పెంకు తగిలిందా, ఆగిపోయింది.

ఇప్పుడు బ్యాక్ గేర్ వేయండి. అదే మోటారు, అదే 5 న్యూటన్ మీటర్లు. ఎనిమిది రెట్ల తగ్గింపుతో స్పిండిల్ దగ్గర 160, టూల్ దగ్గర 2100 న్యూటన్లు దాటుతుంది. ఆ బలమంతా వాడుకునేంత గట్టిదనం ఈ లేత్‌కు లేకపోవచ్చు, అది వేరే మాట.

ఇంకో చిక్కు. 40 ఆర్‌పీఎం కోసం మోటారును 6 హెర్ట్జ్ దగ్గర నడపాలి. మోటారు తోకనున్న ఫ్యాన్ కూడా అంతే నెమ్మదిగా తిరుగుతుంది. చల్లగాలి లేక చుట్ట కాలుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మీ సీఎన్‌సీలో మెట్లు లేవన్నారు. అక్కడ మోటారు ఎన్ని కిలోవాట్లదో ప్లేటు చూసి రండి.

---

వేగం కావాలి

చూశాను. 7.5 కిలోవాట్లు. సరే, అర్థమైంది. అయినా పుల్లీలతో పాటు వీఎఫ్‌డీ కూడా ఉంటే నష్టమేమీ లేదుగా?

---

ఇనుపరజను

నష్టమేమీ లేదు, ఉంటే మంచిదే. 25 నుంచి 50 హెర్ట్జ్ మధ్య తిప్పుకుంటూ రెండు మెట్ల నడుమ ఉన్న ఖాళీని పూడ్చుకోవచ్చు. అత్యధిక వేగాన్ని 500 దగ్గర ఆపడానికీ పనికొస్తుంది. పుల్లీలకు అది తోడు, అంతే.

---

కుషాయిగూడ కాంపౌండ్

ఈ చర్చ చూస్తే పాత రోజులు గుర్తొచ్చాయి. నిజాం కాలంలో వెలసిన ఆజామాబాద్ పారిశ్రామిక వాడలో మా మేనమామ పనిచేసిన షెడ్డులో లైన్ షాఫ్ట్ ఉండేది. ఒకే పెద్ద మోటారు, పైన పొడవాటి షాఫ్ట్, దాని నుంచి వరసగా బెల్టులు. కర్రతో బెల్టును పక్క పుల్లీ మీదకు తోస్తే లేత్ ఆగేది. షెడ్డు గారూ, మీ చక్ మీద ప్రాగా అని ఉందేమో చూడండి. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ మన కవాడిగూడలోదే, వాళ్ల చక్‌లు దేశమంతా నడిచాయి. ఉంటే మాత్రం అమ్ముకోకండి.

---

మల్కాజిగిరి షెడ్డు

చక్ మీద అక్షరాలు అరిగిపోయాయండీ, చదవడానికి రావడం లేదు. నాలుగు దవడలది.

బ్యాక్ గేర్ పళ్లు లెక్కపెట్టాను. పుల్లీ పక్క పినియన్ 22, అది తిప్పే పెద్ద గేరు 62. వెనక షాఫ్ట్ మీద చిన్నది 22, స్పిండిల్ పెద్ద గేరు 62. లెక్కిస్తే 7.94 వస్తోంది. ఇనుపరజను గారు అన్న ఎనిమిదికి దగ్గరే.

వీఎఫ్‌డీ, కౌంటర్ షాఫ్ట్ రెండూ పెట్టాలని తేల్చుకున్నాను. కౌంటర్ షాఫ్ట్ ఎక్కడ పెట్టాలి? పైన రేకుల పైపులకు వేలాడదీయడానికి ధైర్యం చాలడం లేదు. వెనక గోడ ఇటుకది. సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

---

రాణీగంజ్ దారి

బేరింగ్‌లు, బెల్టులు, పుల్లీలు అన్నీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒకే నడకలో అయిపోతాయి. కౌంటర్ షాఫ్ట్‌కు 25 మిల్లీమీటర్ల బ్రైట్ బార్ తీసుకుంటే యూసీపీ 205 పెడస్టల్ బేరింగ్‌లు రెండు. బార్ 30 అయితే యూసీపీ 206. ఎలక్ట్రికల్ సామాను కోఠి ట్రూప్ బజార్‌లో చూడండి.

పుల్లీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొట్లలో చెప్పే అంగుళాలు బయటి వ్యాసం. 'ఏ' సెక్షన్ (ఒక బెల్టు సైజు) వి బెల్టుకు అసలు లెక్క పిచ్ వ్యాసంతో (గాడిలో బెల్టు నడిచే వ్యాసం), అది బయటి కొలత కంటే సుమారు 6.6 మిల్లీమీటర్లు తక్కువ. 3 అంగుళాల పుల్లీ కొంటే పిచ్ 70కి పడిపోతుంది. 'ఏ' సెక్షన్ బెల్టు 75 కంటే చిన్న పుల్లీ మీద వంగితే తొందరగా పగుళ్లిస్తుంది. మూడుంపావు అంగుళాలది (83 మిల్లీమీటర్లు) అడగండి. లేకపోతే మూడున్నరది కొని పక్కనే ఉన్న టర్నర్ దగ్గర తగ్గించుకోండి, గాడిని కూడా అంత లోతు దించాలని చెప్పండి. పెద్దది 12 అంగుళాలు, పిచ్ 298. అప్పుడు కౌంటర్ షాఫ్ట్ వేగం దాదాపు 360 వస్తుంది.

రెండోది, చిన్న పుల్లీ రంధ్రం. 19 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు 6 మిల్లీమీటర్ల కీ వస్తుంది. ఒక కొట్టువాడు నాకు ముప్పావు అంగుళం రంధ్రమున్న పుల్లీ ఇచ్చి రెండూ ఒకటే అన్నాడు. ముప్పావు అంటే 19.05. ఆ 0.05 మిల్లీమీటర్ల తేడాకు రంధ్రం వేసిన చేతి పనిలోని వదులు కూడా కలిసి పుల్లీ షాఫ్ట్ మీద ఊగింది. వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, కొట్టులోనే కొలవండి.

---

కుషాయిగూడ కాంపౌండ్

లేత్ నడవాలంటే పుల్లీ కావాలి, పుల్లీ తిప్పాలంటే లేత్ కావాలి. దేవుడా!

---

ఇనుపరజను

కౌంటర్ షాఫ్ట్ రేకులకు వద్దు. గోడకు కూడా నేను ఓటు వేయను. ఇటుక గోడలో బోల్టులు అదురుకు వదులవుతాయి, చప్పుడు పక్కింటి దాకా పోతుంది. లేత్ కాళ్లకే వెనక వైపు యాంగిల్‌తో ఒక నిలువు చట్రం బిగించండి. యంత్రం అదిరితే అంతా కలిసి అదురుతుంది, బెల్టు బిగువు మారదు.

స్పిండిల్ నుంచి కౌంటర్ షాఫ్ట్‌కు 700 మిల్లీమీటర్ల దూరం ఉండేలా చూడండి, 600కు తగ్గించకండి. వెనక పెడితే ఒక లాభం దానంతట అదే వస్తుంది. స్పిండిల్ పైభాగం మన వైపుకు తిరుగుతుంది కాబట్టి బెల్టు పై వరస కౌంటర్ షాఫ్ట్ నుంచి వదులుగా వస్తుంది, లాగే వరస కింద ఉంటుంది. పై వరస వేలాడి పుల్లీలను ఇంకాస్త ఎక్కువ చుట్టుకుంటుంది, పట్టు పెరుగుతుంది.

చట్రం కింది భాగాన్ని అతుకుబందుల మీద నిలిపి, ఒక మీటతో ముందుకు వెనక్కు ఊగేలా చేయండి. మీట వదిలితే ఫ్లాట్ బెల్టు వదులవుతుంది, మెట్టు మార్చుకోవచ్చు. మెట్ల జంటల మొత్తం ఎప్పుడూ 300 కాబట్టి (200+100, 150+150) బెల్టు పొడవులో తేడా 3, 4 మిల్లీమీటర్లకు మించదు, దాన్ని మీట చూసుకుంటుంది. మోటారు కూడా అదే చట్రం మీద ఉండాలి. లేకపోతే మీట లాగినప్పుడల్లా వి బెల్టు బిగువు మారిపోతుంది.

12 అంగుళాల పుల్లీని బేరింగ్‌కు ఆనుకునేంత దగ్గరగా పెట్టండి, షాఫ్ట్ చివర వేలాడదీయకండి.

---

మల్కాజిగిరి షెడ్డు

చట్రం గీసుకున్నాను. మోటారుకూ కౌంటర్ షాఫ్ట్‌కూ మధ్య దూరం 450 పడుతోంది. వి బెల్టు ఎంత పొడవుది అడగాలి? కౌంటర్ షాఫ్ట్ మీద మెట్ల పుల్లీ ఎలా సంపాదించాలి? పాత ఇనుములో మూడు మెట్లది దొరకలేదు.

---

రాణీగంజ్ దారి

పొడవు లెక్క: మధ్య దూరానికి రెండింతలు, రెండు వ్యాసాల మొత్తాన్ని 1.57తో హెచ్చించినది, వ్యాసాల తేడా వర్గాన్ని మధ్య దూరానికి నాలుగింతలతో భాగించినది. ఈ మూడూ కలపాలి. మీకు 900, 587, 27. మొత్తం 1514. ఇది పిచ్ పొడవు. 'ఏ' సెక్షన్‌లో లోపలి పొడవు దీనికి 36 తక్కువ, అంటే 1478 మిల్లీమీటర్లు, 58 అంగుళాల చిల్లర. బెల్టు మీద ఏ58 అని ఉన్నది తీసుకోండి, మోటారును 3 మిల్లీమీటర్లు దగ్గరకు జరిపితే కూర్చుంటుంది. మోటారు పాదాల కింద పొడవాటి గాళ్లు కోసి ఉంచుకోండి, బెల్టు సాగుతుంది.

బిగువుకు ఒక అందాజు: రెండు పుల్లీల నడుమ ఉన్న వరసను మధ్యలో వేలితో నొక్కితే మీటరు పొడవుకు 16 మిల్లీమీటర్లు దిగాలి. మీ 450కి 7. ఇంకా బిగిస్తే బేరింగ్ పోతుంది, బెల్టు గొడవ చేయదు.

---

కుషాయిగూడ కాంపౌండ్

మెట్ల పుల్లీకి రెండు దారులు. ఒకటి, చెక్కతో నమూనా చేసి బాలానగర్ వైపు ఏదైనా ఫౌండ్రీలో అల్యూమినియం పోత పోయించడం, తర్వాత బయట తిప్పించడం. రెండోది నేను చేసినది: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చక్రాలు కోసి, జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, రెండు వైపులా ఉక్కు అంచులు వేసి బోల్టులు బిగించాను. 360 ఆర్‌పీఎంలో 200 మిల్లీమీటర్ల చెక్కకు ఏమీ కాదు. చెక్క మీద బెల్టు పట్టు పోత ఇనుము మీద కంటే బాగుంటుంది కూడా. షాఫ్ట్‌కు ఎక్కించాక లేత్‌ను అలాగే నడిపి, టూల్ రెస్ట్ లాంటి ఆనిక పెట్టి ఉలితో సరిచేశాను.

ఒక్కటి మరవకండి. మెట్ల ముఖం చదునుగా ఉండకూడదు, మధ్యలో కాస్త ఉబ్బు ఉండాలి. ఫ్లాట్ బెల్టు ఎప్పుడూ ఎత్తైన చోటికే ఎక్కుతుంది, అందుకే ఉబ్బు దాన్ని మధ్యలో నిలుపుతుంది. 150 మిల్లీమీటర్ల పుల్లీకి అర మిల్లీమీటరు ఉబ్బు చాలు. ఎక్కువ పెడితే బెల్టు నడుమ మాత్రమే ఆని అంచులు గాలిలో తేలతాయి.

---

వేగం కావాలి

ఫ్లాట్ బెల్టు బదులు కారు ఇంజన్ ముందు ఉండే గీతల బెల్టును తిరగేసి వేస్తే? దాని వీపు చదునుగానే ఉంటుంది. ఆటోనగర్‌లో కుప్పలు దొరుకుతాయి.

---

ఇనుపరజను

మంచి ఆలోచనే, కొందరు నడుపుతున్నారు. కానీ అది అతుకులేని బెల్టు. హెడ్‌స్టాక్‌లో ఎక్కించాలంటే స్పిండిల్ బయటికి తీయాలి. తీయడానికి సిద్ధమైతే వేయండి. ఆ బెల్టు తెగిన ప్రతిసారీ మళ్లీ తీయాలి మరి.

షెడ్డు గారికి నేను చెప్పేది నైలాన్ నడుమ, రెండు వైపులా క్రోమ్ తోలు ఉన్న బెల్టు. 45 మెట్టుకు 38 లేదా 40 వెడల్పు. చివరలను చీలికగా పలచగా చెక్కి యంత్రం మీదే అతికించుకోవచ్చు. కేవలం తోలు బెల్టు దొరికినా మంచిదే, అప్పుడప్పుడు వీపుకు ఆముదం రాస్తే మెత్తబడి పట్టు పెరుగుతుంది. జారుతోంది కదా అని జిగట పొడులు చల్లే అలవాటు వద్దు. మొదటి రోజు పట్టుకుంటుంది, తర్వాత గాజులా గట్టిపడి ఇంకా ఎక్కువ జారుతుంది.

మోటారును 6 పోల్‌ది (940 ఆర్‌పీఎం) మార్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఒక లెక్క చూసుకోండి. ఫ్లాట్ బెల్టు మోసే శక్తి దాని పరుగు మీద ఆధారపడుతుంది. మధ్య మెట్టులో మీ బెల్టు సెకనుకు దాదాపు 2.8 మీటర్లు పరుగెత్తుతుంది, 1 హెచ్‌పీ మోయడానికి 27 కిలోల లాగు చాలు. 6 పోల్‌తో పరుగు 1.9కి తగ్గి, అదే శక్తికి 40 కిలోలు లాగాలి. 40 మిల్లీమీటర్ల బెల్టు ఊరికే జారుతుంది. ఉన్న మోటారే మీకు మేలు.

---

నిర్వాహకుడు

లైన్ షాఫ్ట్ జ్ఞాపకాల సందేశాలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ అమరిక మాటలే కొనసాగించండి.

---

మల్కాజిగిరి షెడ్డు

టెర్మినల్ పెట్టెలో మూడే వైర్లు ఉన్నాయి కరెంటు కబుర్లు గారూ.

---

కరెంటు కబుర్లు

అయితే వైండింగ్ షాపుకు పట్టుకెళ్లి "స్టార్ ముడి విప్పి ఆరు వైర్లు బయటికి తీయండి" అని చెప్పండి. మొత్తం తిరిగి చుట్టాలి అంటే ఒప్పుకోకండి. చుట్ట బాగుంటే ముడి దగ్గర దారం కోసి, టంకం విప్పి, మూడు కొత్త వైర్లు తెచ్చి వార్నిష్ వేస్తారు. తిరిగి తెచ్చుకునే ముందు చుట్టకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించమనండి.

ఈలోగా వీఎఫ్‌డీ గురించి. మోటారుకూ వీఎఫ్‌డీకీ మధ్య ఏ స్విచ్చూ పెట్టకండి. నడుస్తుండగా మధ్యలో తెంచితే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. ఆన్, ఆఫ్, ముందుకు, వెనక్కు అన్నీ వీఎఫ్‌డీ కంట్రోల్ టెర్మినళ్ల నుంచే. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలయ్యే సెట్టింగ్ ఆపేసి ఉంచాలి. చక్‌లో చెయ్యి పెట్టి ఉండగా కరెంటు రావడం మన ఊళ్లో వింత కాదు. సింగిల్ ఫేజ్ మోటారు వాడేవాళ్లయితే మామూలు స్విచ్ కాకుండా నో వోల్ట్ కాయిల్ (కరెంటు పోతే స్విచ్‌ను వదిలేసే చుట్ట) ఉన్న స్టార్టరే పెట్టండి, కారణం ఇదే.

ఎర్త్ వైరు మోటారు బాడీకి, లేత్ బెడ్‌కు, వీఎఫ్‌డీకి మూడింటికీ. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఊరికే పడిపోతోందని దాన్ని తీసేసేవాళ్లు ఉన్నారు, ఆ పని చేయకండి. వీఎఫ్‌డీలకు సరిపడే రకం అడిగి వేయండి. మూత తెరిచే ముందు కరెంటు ఆపి పది నిమిషాలు ఆగండి, లోపలి కెపాసిటర్లలో చార్జి ఉంటుంది.

---

ఇనుపరజను

దానికి నా మాట ఒకటి కలపండి. చక్ మర మీద ఎక్కేది కాబట్టి వెనక్కు తిప్పడం, గబుక్కున ఆపడం రెండూ ప్రమాదమే. స్పిండిల్ ఆగినా బరువైన చక్ తిరుగుతూనే ఉండాలనుకుంటుంది, మర విప్పుకుని మీ కాళ్ల మీదకు వస్తుంది. వీఎఫ్‌డీలో ఆగే సమయాన్ని బాగా పెంచండి, బ్రేకింగ్ ఆపేయండి. వెనక్కు తిప్పే బటన్ అసలు కలపకపోయినా మీ పనికి లోటు లేదు.

పుల్లీలకు, బెల్టులకు జాలీతో కప్పు. లుంగీ, పొడుగు చేతులు, ఉంగరం, గ్లవ్స్‌తో లేత్ దగ్గరికి రాకూడదు. ఇది చెప్పని చర్చ ఉండకూడదు కాబట్టి చెప్పాను.

---

మల్కాజిగిరి షెడ్డు

అందరికీ ధన్యవాదాలు. లేత్ నడుస్తోంది!

మోటారు డెల్టాలోకి మారింది. చట్రం లేత్ కాళ్లకే బిగించాను. మెట్ల పుల్లీ ప్లైవుడ్‌తో చేశాను. 50 హెర్ట్జ్‌లో చక్ మీద సుద్దతో గీత గీసి ట్యాకోమీటరు పెడితే మధ్య మెట్టులో 372 చూపిస్తోంది. లెక్క కంటే ఎక్కువ రావడం ఆశ్చర్యంగా ఉంది. బ్యాక్ గేర్‌లో 150 పోత పుల్లీ ముఖం ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతున కోశాను, మోటారు మూలగలేదు.

రెండు సందేహాలు. ముందు వైపు బుష్ అరగంటకు చెయ్యి పెట్టలేనంత కాకపోయినా బాగా వెచ్చబడుతోంది. ఫ్లాట్ బెల్టు అతుకు పుల్లీ మీదకు వచ్చినప్పుడల్లా టక్కుమంటోంది.

---

కరెంటు కబుర్లు

372లో వింత లేదు. ప్లేటు మీద 1410 నిండు బరువు మీద వేగం. ఖాళీగా తిరిగేటప్పుడు మోటారు 1500కు చేరువలో ఉంటుంది.

---

ఇనుపరజను

బుష్: వెనక చివర సర్దుబాటు నట్టు ఒక పావు చుట్టు వదలండి, మళ్లీ అరగంట నడిపి చూడండి. చక్‌ను చేత్తో పైకి లేపి చూస్తే ఆట తెలియకూడదు, చేత్తో తిప్పితే బరువుగా ఉండకూడదు. నూనె గిన్నెలలో ఒత్తి పాతదైతే తీసి కొత్తది పెట్టండి. గ్రీజు పట్టి ఎండిన ఒత్తి నూనెను దింపదు, గిన్నె నిండుగా ఉండి బుష్ ఎండుతుంది. గ్రీజు మాత్రం పెట్టకండి.

అతుకు: చీలిక పొడవు తక్కువై మందం మిగిలింది. బెల్టు వెడల్పుకు రెండింతల పొడవున చీలిక ఉండాలి, అంటే మీకు 80. ముందు గరుకు కాగితంతో అతుకు లోపలి వైపు మాత్రమే రుద్ది మిగతా బెల్టు మందానికి తెచ్చి చూడండి, తగ్గకపోతే విప్పి మళ్లీ చెక్కండి. పుల్లీకి తగిలే వైపు చీలిక కొస బెల్టు పోయే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు, ఉంటే పుల్లీ దాన్ని లేపేస్తుంది. మళ్లీ అతికించేటప్పుడు అది కూడా చూసుకోండి.